పోలార్ వోర్టెక్స్: చలికాలం పొడుగునా వరంగల్‌లో నన్ను అడిగే ప్రశ్నలు

నేను బడిలో భూగోళం చెప్పి రిటైరైన మనిషిని. పొద్దున వడ్డేపల్లి చెరువు కట్ట మీద నాతో కలిసి నడిచేవాళ్ళలో సగం మందికి కొడుకో బిడ్డో అమెరికాలో ఉన్నారు. డిసెంబరు వచ్చిందంటే ఫోన్లు చేతిలో పట్టుకుని "సార్, గీ పోలార్ ఏందో వస్తుందట గద" అని మొదలుపెడతారు. రోజూ చెప్పిందే చెప్పడం కంటే ఒకసారి రాసి పెడితే నయమనిపించింది.

అసలు పోలార్ వోర్టెక్స్ అంటే ఏంది?

ధ్రువం మీద చలికాలమంతా గిర్రున తిరిగే పెద్ద గాలి సుడి. తెలుగు పేపర్లు ధ్రువ సుడిగుండం అని రాస్తాయి. నాకు ధ్రువ సుడి అంటే చాలనిపిస్తుంది, కానీ కట్ట మీద అందరూ వోర్టెక్సే అంటారు కాబట్టి రెండూ వాడతాను.

ఎట్లా పుడుతుందో మన సామెత పట్టుకుని చెప్పొచ్చు. పుష్యమాసంలో పూస గుచ్చే పొద్దు ఉండదంటాం. ఇక్కడ పొద్దు పొట్టిగా ఉంటుంది, అంతే. ఉత్తర ధ్రువం దగ్గర ఆ రోజుల్లో పొద్దు అసలు పొడవదు. సెప్టెంబరు చివర్లో కుంకిన సూర్యుడు మళ్ళీ మార్చిలోనే కనిపిస్తాడు. ఎండ లేక అక్కడి పైగాలి చల్లబడుతూ పోయి మైనస్ 80 డిగ్రీల దాకా దిగుతుంది. దక్షిణాన మాత్రం గాలి వెచ్చగానే ఉంటుంది. ఈ తేడా వల్ల, భూమి తిరగడం వల్ల గాలులు పడమటి నుంచి తూర్పుకు ధ్రువం చుట్టూ పరుగు తీస్తాయి. కల్లంలో గుంజ చుట్టూ ఎడ్లను తిప్పినట్టే అనుకోండి. మధ్యలో చల్లగాలి కుప్ప, చుట్టూ తిరిగే గాలే దానికి దడి. ఆ దడి గట్టిగా ఉన్నన్నాళ్ళు చలి అక్కడే పడి ఉంటుంది.

ఇది ఎంత ఎత్తులో ఉంటుంది?

కాజీపేట స్టేషన్ నుంచి వరంగల్ స్టేషన్ దాకా ఉన్న పట్టాలను నిలువుగా నిలబెడితే, సుమారు 10 కిలోమీటర్లు, మన విమానాలు ఎగిరే ఎత్తు వస్తుంది. ధ్రువ సుడి దానికి పైన, 16 కిలోమీటర్ల దగ్గర మొదలై 50 దాకా ఉంటుంది. అంటే హనుమకొండ నుంచి జనగామ రోడ్డును పైకెత్తి నిలబెట్టినంత. ఆ పొరను స్ట్రాటోస్ఫియర్ అంటారు. నడి చలికాలంలో అక్కడి గాలి గంటకు 100 కిలోమీటర్లు దాటి తిరుగుతుంది, సుడి బాగా బలిసిన ఏడాది 200 కూడా దాటుతుంది.

దీనికి కింద, విమానాల ఎత్తులో ఇంకో గాలి వలయం ఉంది. దాని అంచునే జెట్ స్ట్రీమ్ అంటున్నాం. కొందరు దీన్ని కూడా పోలార్ వోర్టెక్స్ అనే పిలుస్తారు. సగం గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. పైది పెద్ద సుడి, కిందిది వాతావరణాన్ని నేరుగా నడిపే సుడి. రెండూ ఒక్కటి కావు, కానీ ఒకదాని మాట ఇంకొకటి వింటుంది, అదీ ప్రతిసారీ కాదు.

టీవీలో "దూసుకొస్తున్న పోలార్ వోర్టెక్స్" అంటారు. తుఫాను లాగా వస్తుందా?

రాదు. తుఫాను బంగాళాఖాతంలో పుట్టి, తీరం దాటి, నాలుగు రోజుల్లో చచ్చిపోతుంది. ధ్రువ సుడి ప్రతి ఏటా శరదృతువులో తయారై వసంతం దాకా ఉండేదే. 1853 నాటి ఒక అమెరికా పత్రికలోనే ఈ పేరు కనిపిస్తుంది. కొత్త రోగమేమీ కాదు, 2014 జనవరి చలి తర్వాత టీవీ వాళ్ళ నోట్లో పడి ఊరూరా తెలిసింది.

కాబట్టి అడగాల్సింది "ఎప్పుడు వస్తుంది" అని కాదు, "చెదిరిందా" అని. సుడి నిండుగా, గుండ్రంగా తిరుగుతుంటే అమెరికా, యూరప్‌లలో చలికాలం మామూలుగానో కాస్త వెచ్చగానో గడుస్తుంది. సుడి నీరసించినప్పుడే జనం గజగజ వణుకుతారు. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు: వోర్టెక్స్ బలపడింది, అందుకే చలి అని. బలపడితే చలి ధ్రువం దాటి బయటికి రాదు.

మరి సుడి చెదిరేది ఎందుకు?

కింది నుంచి తన్నులు తిని. హిమాలయాలు, టిబెట్ పీఠభూమి, అమెరికాలోని రాకీ పర్వతాల వంటి అడ్డంకులకు గాలి కొట్టుకున్నప్పుడు, నేల చల్లగా, సముద్రం వెచ్చగా ఉన్నప్పుడు, వేల కిలోమీటర్ల పొడవైన గాలి అలలు లేస్తాయి. వాటిలో పెద్దవి పైకి పాకి స్ట్రాటోస్ఫియర్‌లో విరుగుతాయి. తిరిగే బొంగరాన్ని పక్క నుంచి వేలితో తాకితే ఏమవుతుందో అదే అవుతుంది. ముందు ఊగుతుంది, తర్వాత పక్కకు ఒరుగుతుంది. ఒక్కోసారి సుడి రెండు ముక్కలే అవుతుంది.

అప్పుడు ధ్రువం పైన ఉష్ణోగ్రత కొద్ది రోజుల్లోనే 40, 50 డిగ్రీలు ఎగబాకుతుంది. దీనికి సడెన్ స్ట్రాటోస్ఫెరిక్ వార్మింగ్ అని పేరు. 1952లో బెర్లిన్‌లో రిచర్డ్ షెర్‌హాగ్ అనే వాతావరణ శాస్త్రవేత్త బెలూన్లు ఎగరేస్తూ దీన్ని మొదట పట్టుకున్నాడు. పెద్ద ఎత్తున జరిగినప్పుడు పడమటి గాలి ఆగిపోయి తూర్పు గాలిగా తిరగబడుతుంది. ఇటువంటివి ఉత్తరార్ధగోళంలో సగటున పదేళ్ళకు ఆరు దాకా జరుగుతాయి.

పైన వేడెక్కితే కింద చలేంది సార్? ఇదెక్కడి లెక్క?

దీన్ని కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివిన పిల్లాడు కూడా అడిగాడు, కాబట్టి సిగ్గుపడక్కర్లేదు.

సైకిల్‌కు గాలి కొట్టిన వాళ్ళెవరైనా పంపు అడుగున పట్టుకుని చూస్తే వేడిగా ఉంటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సుడి తిరగడం తగ్గగానే ధ్రువం మీది గాలి కిందికి దిగుతుంది, దిగేకొద్దీ నొక్కుకుపోయి వేడెక్కుతుంది. పైన కొలిచే వేడి ఇదే. అదే సమయంలో దడి వదులైంది కదా, కిందనున్న జెట్ స్ట్రీమ్ కూడా మెల్లగా సోలిపోవడం మొదలుపెడుతుంది. తిన్నగా పారాల్సిన వాగు మెలికలు తిరిగినట్టు ఒకచోట బాగా దక్షిణానికి, ఇంకోచోట బాగా ఉత్తరానికి వంకరపోతుంది. దక్షిణానికి వంగిన చోటల్లా ధ్రువపు చలి జారుతుంది. ఉత్తరానికి వంగిన చోట వెచ్చదనం ఎగబాకుతుంది.

పై మార్పు కింద తెలియడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఒకసారి దిగిందంటే నెల, నెలన్నర దాని జాడ ఉంటుంది. పైన చెదిరినా కిందికి దిగకుండానే పోయిన సందర్భాలూ ఉన్నాయి.

2021లో డాలస్‌లో మా బిడ్డ మూడు రోజులు కరెంటు లేకుండా ఉంది. అది దీని వల్లేనా?

ఆ ఏడాది జనవరి 5న సుడి పెద్దగా చెదిరింది. ఫిబ్రవరి నడుమ చలి టెక్సస్ దాకా దిగింది. ఫిబ్రవరి 16న డాలస్‌లో మైనస్ 19 డిగ్రీలు. జనవరి చెదురుకూ ఫిబ్రవరి చలికీ మధ్య లంకె ఎంత గట్టిదో శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. ధ్రువపు గాలి దక్షిణానికి జారిందనడంలో మాత్రం వాదన లేదు.

కరెంటు పోయింది గాలి వల్ల ఒక్కటే కాదు. అక్కడి గ్యాస్ బావులు, పైపులు, కరెంటు ప్లాంట్లు అంత చలికి కట్టినవి కావు. గడ్డకట్టి ఆగిపోయాయి. టెక్సస్ కరెంటు వ్యవస్థ పక్క రాష్ట్రాల గ్రిడ్లతో దాదాపు తెగి ఉంటుంది, అరువు తెచ్చుకునే దారి లేదు. 45 లక్షల ఇళ్ళు చీకటయ్యాయి. ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్కలో 246 మంది చనిపోయారు.

మా కట్ట మీద ఒకాయన ఆ మూడు రోజులూ నడకకు రాలేదు. నాలుగో రోజు వచ్చి చెప్పాడు: బిడ్డ గ్యాస్ పొయ్యి మీద మంచును గిన్నెలో కరిగించి బాత్రూంలోకి నీళ్ళు చేసుకుందట. "ఇక్కడ బోరు పోతే ట్యాంకర్ వస్తది, అక్కడ అది కూడ లేదు సార్" అన్నాడు. ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది.

చికాగోలో మైనస్ 46 అని మా అల్లుడు పంపాడు. నిజమేనా?

2019 జనవరి 30 మాట అయితే సగం నిజం. ఆ రోజు థర్మామీటర్ చూపింది మైనస్ 30.6. గాలి వేగం కలిపి ఒంటికి తగిలే చలిని విండ్ చిల్ అంటారు, అది మైనస్ 46. బండి మీద పోతుంటే చలి ఎక్కువ కొట్టినట్టే, ఒంటి చుట్టూ ఉండే కొద్దిపాటి వెచ్చటి గాలిని గాలి ఊడ్చుకుపోతుంది. చికాగో సొంత రికార్డు అంతకంటే తక్కువ: 1985 జనవరి 20న మైనస్ 32.8. అప్పుడూ నెల మొదట్లో సుడి చెదిరే ఉంది.

2019లో కొన్ని రాష్ట్రాల్లో పోస్టు బట్వాడా ఆపేశారు. చికాగో లోకల్ రైళ్ళ దగ్గర పట్టాలు మారే చోట గడ్డకట్టకుండా పక్కన గ్యాస్ మంటలు పెట్టారు. ఆ వీడియో చూసి మా కాజీపేట రైల్వే పెన్షనర్ ఒకాయన "పట్టాలకు నెగడు పెట్టిన్రు" అని నోరు తెరిచాడు. మసిలే నీళ్ళు గాలిలోకి విసిరితే మంచు పొడిలా రాలే వీడియోలు కూడా నిజమే. కానీ ఆ వారం ఆ నీళ్ళు తమ మీదే పోసుకుని కాలిన వాళ్ళూ ఉన్నారు. మీ పిల్లలకు చెప్పండి.

అమెరికాలో చలి ఎప్పుడు పెరిగినా వోర్టెక్సే కారణమా?

కాదు. 2014 జనవరిలో చలి విరుచుకుపడినప్పుడు పై సుడి పెద్దగా చెదరనే లేదు. కింది సుడిలో ఒక ముక్క దక్షిణానికి వాలింది. అదే నెల చివర్లో అలాస్కాలో వెచ్చదనం రికార్డులు కొట్టింది.

సరే, మన ఇగం సంగతి చెప్పండి. వరంగల్ చలికి ఆ సుడికి సంబంధం ఉందా?

ఈ ప్రశ్నకే నేను ఎక్కువసేపు నిలబడతాను.

వరంగల్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సుడి అంచు 60 డిగ్రీల దగ్గర. మధ్య దూరం సుమారు 4,600 కిలోమీటర్లు. దూరం ఒక్కటే అయితే ఏదో ఒకనాడు దాటేదేమో, నడుమ టిబెట్, హిమాలయాలు అడ్డంగా పడుకున్నాయి. అమెరికా మ్యాపు తీసి చూడండి: రాకీలు ఉత్తర దక్షిణాలుగా నిలువుగా ఉన్నాయి. కెనడా పై నుంచి టెక్సస్ దాకా చల్లగాలికి అడ్డొచ్చే గోడ లేదు. మనకు గోడ అడ్డంగా ఉంది, అందుకే 33 డిగ్రీల దగ్గరున్న డాలస్‌కు మైనస్ 19 వచ్చినా, అంతకు కొద్దిగానే దక్షిణాన ఉన్న ఢిల్లీకి రాదు.

మన చలి దారి వేరు. మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లు అనే అల్పపీడనాలు కశ్మీర్, హిమాచల్‌లలో మంచు కురిపించి ముందుకు పోతాయి. వాటి వెనక వాయవ్య దిక్కు నుంచి పొడి చల్లగాలి దిగుతుంది. పంజాబ్, రాజస్థాన్, మధ్యప్రదేశ్ మీదుగా విదర్భకు, అక్కడి నుంచి ఆదిలాబాద్ మీదుగా మనకు. నాగ్‌పూర్‌లో రాత్రి ఉష్ణోగ్రత పడిందని చూశానంటే ఇంట్లో గొంగడి ఎండలో వేయమని చెబుతాను.

రెండో కారణం మన నెత్తి మీదే ఉంటుంది. పొడి గాలి, మబ్బు లేని ఆకాశం, రాత్రి పొడుగు. పగలు నేల పట్టుకున్న వేడి రాత్రంతా ఆకాశంలోకి వెళ్ళిపోతుంది. మేడారం జాతరకు పోయి పడుకున్నవాళ్ళకు పుస్తకం అక్కర్లేదు: చెట్టు కింద పడుకున్నవాడికి ఒక చలి, జంపన్నవాగు ఇసుకలో ఆకాశం కింద పడుకున్నవాడికి ఇంకో చలి. చెట్టు ఆకులు నేల వేడిని కొంత ఆపుతాయి. ఇసుక మీద అడ్డమేమీ లేదు, తెల్లారేసరికి దుప్పటి పైన మంచు తడి.

సుడికీ మనకూ బొత్తిగా చుట్టరికం లేదనను. సుడి చెదిరినప్పుడు ఆసియా మీది జెట్ స్ట్రీమ్ దారి మారి డిస్టర్బెన్స్‌ల రాకపోకలు మారవచ్చు. ఈ లంకెను పరిశోధకులు వెతుకుతున్నారు. కానీ అది మేనమామ తోడల్లుడి తమ్ముడి లాంటి చుట్టరికం. దాన్ని పట్టుకుని "తెలంగాణపై పోలార్ వోర్టెక్స్ పంజా" అని స్క్రోలింగ్ వేస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆదిలాబాద్ వైపు అంత చలి, మనకు ఇంత తక్కువ ఎందుకు?

ఉత్తరాన ఉంది, చల్లగాలికి మొదటి గుమ్మం అదే. ఆసిఫాబాద్ జిల్లా తిర్యాణి, సిర్పూర్ యూ వైపు గుట్టల నడుమ లోయలున్నాయి. చల్లగాలి బరువు కాబట్టి రాత్రి గుట్టల మీంచి జారి లోయల్లో నీళ్ళలా నిలుస్తుంది. అక్కడ ఒంటి అంకె ఉష్ణోగ్రతలు మామూలే. పుష్య అమావాస్యకు కెస్లాపూర్ నాగోబా జాతరకు పోయిన వాళ్ళను అడగండి, చలిమంట చుట్టూ చోటు దొరకదు.

హనుమకొండలో సిమెంటు, తారు పగటి వేడిని రాత్రి వదులుతాయి. మా మేడ మీద 14 చూపించిన తెల్లవారుజామునే చెరువు కట్ట మీద 12 చూశాను. రెంటికీ మధ్య ఒకటిన్నర కిలోమీటరు.

వాతావరణ శాఖ "కోల్డ్ వేవ్" అంటే ఎంత?

మైదానాల్లో కనిష్ఠం 10 డిగ్రీలకో అంతకు దిగువకో పడాలి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు తగ్గాలి. వరంగల్‌కు ఇది అరుదు. ఆదిలాబాద్‌కు ఏటా వినే మాట.

డిసెంబరులో నాలుగు రోజులు చలి పెట్టి, ఉన్నట్టుండి పోతుంది. ఎందుకు?

బంగాళాఖాతంలో ఏదో లేచిందని అర్థం. అల్పపీడనం వస్తే తూర్పు నుంచి తేమ గాలి, మబ్బు వస్తాయి. మబ్బు దుప్పటి లాంటిది, నేల వేడిని పోనివ్వదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మనకూ మబ్బు, వాన పట్టింది. చలి ముసుగు తీసేసి రైతులు కల్లంలో పంట మీద టార్పాలిన్లు కప్పడానికి పరుగెత్తారు.

"అఫీలియన్ వల్ల ఈసారి చలి ఎక్కువ, సూర్యుడు దూరం పోతున్నాడు" అని వాట్సాప్‌లో వచ్చింది.

డిలీట్ చేయండి. అఫీలియన్ అంటే సూర్యుడికి భూమి అన్నిటికంటే దూరంగా ఉండే రోజు, అది వచ్చేది జులై మొదట్లో, సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లు. జనవరి మొదట్లో మనం దగ్గరుంటాం, 14.7 కోట్లు. చలికాలం దూరం వల్ల కాదు, భూమి ఒరుగు వల్ల. ఈ మెసేజ్ ఏటా పేరు మార్చకుండా తిరుగుతుంది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో మాత్రం మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ ఒక్కరే పంపారు.

యాసంగి నారు చలికి ఎర్రబడుతోంది. ఏం చేయాలి?

ఇది వోర్టెక్స్ ప్రశ్న కాదు, కానీ అడిగేవాళ్ళు ఎక్కువ. చలికి వరి నారు ఎదగదు, ఆకులు పసుపో ఎరుపో తిరుగుతాయి. సాయంత్రం నారుమడిలో చల్లని నీళ్ళు తీసేసి పొద్దున బోరు నీళ్ళు కొత్తగా పెట్టండి. చలికాలం తెల్లవారుజామున బోరు నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయని చేయి పెట్టిన ప్రతి రైతుకూ తెలుసు. రాత్రి పలుచటి పాలిథిన్ షీటో, సంచులు కుట్టిన పట్టానో కప్పి, ఎండ రాగానే తీయాలి. తీయకపోతే నారు ఉడుకుతుంది. ఎరుపు తగ్గకపోతే జింకు లోపం కూడా కావచ్చు, వ్యవసాయ అధికారికి చూపించండి.

మిర్చి వాళ్ళకు ఒక మాట: కల్లంలో ఆరబోసిన కాయ మీద మంచు పడితే రంగు పోతుంది, తేమ పడుతుంది. రాత్రి కప్పాల్సిందే. ఎనుమాముల మార్కెట్‌కు తెచ్చి సంచుల మీదే గొంగడి కప్పుకుని పడుకున్న రైతును చూశాను. కాయకు టార్పాలిన్ కప్పాడు, తనకు గొంగడి చాలలేదు.

గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటే వెచ్చగా ఉంటుంది కదా?

వద్దు. తలుపులు మూసిన గదిలో బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. 2021లో టెక్సస్‌లోనూ ఇదే జరిగింది: గ్యారేజీలో కారు ఆన్ చేసి, ఇంట్లో బొగ్గు గ్రిల్ పెట్టి వెచ్చబడబోయిన వాళ్ళు చనిపోయారు. నెగడు వాకిట్లో పెట్టుకోండి.

భూమి వేడెక్కుతోందంటారు, మరి ఇంత చలి ఏంది?

చలి ఒకచోట, ఒక వారం. వేడెక్కడం మొత్తం భూమి మీద, పదుల ఏళ్ళ లెక్క. ఆర్కిటిక్ మిగతా భూమి కంటే మూడు, నాలుగు రెట్ల వేగంతో వేడెక్కుతోంది. దీనివల్ల ధ్రువానికీ దక్షిణానికీ తేడా తగ్గి జెట్ స్ట్రీమ్ సోలుతుందని, సుడి ఎక్కువసార్లు చెదురుతుందని కొందరంటారు. లెక్కలు ఇంకా తేలలేదని ఇంకొందరు. నేను రెండో వైపు ఉంటాను, కొత్త లెక్క వస్తే మారతాను.

దక్షిణ ధ్రువానికీ ఉంటుందా?

ఉంటుంది, ఇంకా బలంగా. అక్కడ చుట్టూ సముద్రమే, తన్నడానికి కొండలు తక్కువ. పెద్దగా చెదిరింది ఒక్కసారే, 2002 సెప్టెంబరులో. అప్పుడు ఓజోన్ రంధ్రం కూడా రెండు ముక్కలైంది.

జనవరిలో మనవడి పుట్టినరోజుకు చికాగో పోదామనుకుంటున్నాం. టికెట్ చేయొచ్చా?

మూడు నెలల ముందు ఎవ్వరూ చెప్పలేరు. సుడి చెదిరితే ఆ తర్వాతి కొన్ని వారాలకు ఒక అంచనా దొరుకుతుంది, ఏ నగరంలో ఎన్ని డిగ్రీలో అన్నది వారం, పది రోజుల ముందే. నా సలహా అడిగితే మే నెలలో పొండి. మనకు ఇక్కడ 43 డిగ్రీలున్నప్పుడు అక్కడ చక్కగా ఉంటుంది.

జనవరిలోనే పోతే ఒకటే గుర్తుంచుకోండి: ఇక్కడి స్వెటరు అక్కడ బనియను కింద లెక్క.

శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటాం. అక్కడ కూడా పోతుందా?

ఆ సామెత అమెరికాకు పోయేటప్పుడు ఇమ్మిగ్రేషన్‌లో ఆగిపోతుంది. శివరాత్రికి ధ్రువం మీద ఇంకా చీకటే. మార్చి 20 దగ్గర్లో అక్కడ సూర్యుడు పొడుస్తాడు. అక్కడి నుంచి పైగాలి వేడెక్కి, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఏదో ఒకనాడు ఆ ఏటి సుడి ఆగిపోతుంది. మా వీధిలో ఒకావిడ కొడుకు మిషిగన్‌లో ఉంటాడు. మొన్న ఉగాదికి ఫోన్ చేస్తే పారతో కారు మీది మంచు ఊడుస్తున్నాడట. ఈవిడేమో ఇక్కడ ఫ్యాను కింద కూర్చుని పచ్చడికి మామిడికాయ తరుగుతోంది.